వృత్తియు, వేడుకయు

ఆకలి తీర్చుకొనుటకు గాక, చేయవలెనను కోరికతోనే ఒక మానవుడు కష్టమైన పనిని చేపట్టినచో ఆ పనికి ధర్మదృష్టిలో ఎట్టి స్థానము కలదు? అది క్రీడయా, కర్మమా, లేక కర్మయోగమునకు సోపానమా? పూర్వకాలమున ఈ ప్రశ్న అంతగా తలయెత్తలేదు. ఏలయన కొలిమి ముందు కూర్చుండువాడు కమ్మరి యింట పుట్టినవాడే. సుత్తి అతడు ఎన్నుకొన్న వస్తువు కాదు; తండ్రి చేతినుండి వచ్చిన వస్తువు. నాగటి కఱ్ఱుకు పదును పెట్టినందుకు పంటకాలమున కళ్ళముమీద అతనికి మేర ముట్టెడిది. అతని పనియు, అతని కూడును, అతని కులమును ఒకే ముడిగా నుండెను. ఆ ముడిని విప్పి, పనిని మాత్రము వేరుగా తీసికొని ఆనందింపవచ్చునను తలంపు ఎవ్వరికిని కలుగలేదు.

వర్తమానకాలమున స్థితి మారినది. పెక్కు దేశములలో ఉపాధ్యాయులు, గుమాస్తాలు, వైద్యులు, ఉద్యోగవిరమణ చేసినవారు పెరటిలో చిన్న కొలిమి నమర్చుకొని, సెలవుదినములలో ఇనుము కాచి కొట్టుచున్నారు. అమెరికాదేశమున అట్లాంటా నగరపు ప్రకటనల వ్యాపారమున నుండిన అలెక్స్ బీలర్ అనునతడు కమ్మరపు విద్యను వేడుకగా అభ్యసించి, 1969లో ఆ విద్యపై ఒక గ్రంథమును ప్రకటించెను. 1973లో జార్జియా రాష్ట్రమందలి లంప్‌కిన్ అను చిన్న ఊరిలో ముప్పదిమందికి లోపు మనుష్యులు కూడి ఉత్తర అమెరికా కళాకమ్మరుల సంఘమును స్థాపించిరి. ఇంగ్లండున అట్టి సంఘమే 1978లో వెలసెను. యంత్రములు కమ్మరిని తొలగించిన దేశములలోనే కమ్మరము వేడుకగా మరల పుట్టుట గమనింపదగిన విషయము. అవసరము తీరిన పిదప మిగిలిన ప్రేమ అది యని కొందరందురు. కడుపు నిండినవారి విలాసమని మరికొందరందురు. ఈ రెండు మాటలలో సత్యమెంత యున్నదో విచారింపవలసి యున్నది.

ఇనుపదారి పట్టణము

ఈ విచారమునకు బిలాస్‌పూరు తగిన స్థలము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూరు రైల్వే సంస్థ నాగపూరునుండి బిలాస్‌పూరు మీదుగా ఆసన్‌సోలు వరకు దారి వేసి, 1891 ఫిబ్రవరిలో సామానుబండ్లకు తెరచినది. అర్పానది యొడ్డున నుండిన సామాన్యమైన ఊరు ఆ దారివలన రైల్వే పట్టణమైనది. ఆ సంస్థకే వాల్తేరు దారులును చెందియుండుటచే ఉత్తరాంధ్రమునుండి తెలుగువారు ఖరగ్‌పూరునకును, బిలాస్‌పూరునకును, రాయపూరునకును ఉద్యోగములకై తరలిరి. 1931లో రాయపూరు – విజయనగరము దారి పూర్తియైన పిదప ఆ రాకపోకలు మరింత సులభమయ్యెను. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడగా బిలాస్‌పూరు దానిలో నుండెను. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూరే ప్రధానస్థానమయ్యెను. ఇట్లు తరతరములుగా అక్కడి తెలుగు కుటుంబములు ఇనుముతో బ్రతికినవి.

ఆవిరియంత్రముల కాలమున ప్రతి లోకోషెడ్డునందును కొలిమి యుండెడిది. స్ప్రింగుపట్టెలు, కొక్కెములు, బిగింపుకడ్డీలు, పట్టకారులు అక్కడనే కాచి సరిచేయబడుచుండెను. కమ్మరి యొకడు, అతనికి ఎదురుగా సమ్మెట పట్టు హ్యామర్‌మన్ ఒకడు జంటగా పని చేసెడివారు. కమ్మరి చిన్న సుత్తితో తట్టి చూపిన చోటనే సమ్మెట పడవలెను. మాటలతో పని లేదు. సుత్తి చేయు చప్పుడే ఆజ్ఞ. కమ్మరి సుత్తిని దాగలిపై ప్రక్కగా వాల్చిన తోడనే సమ్మెట నిలిచిపోవును. అక్కడ చేరినవారిలో కమ్మరి యింట పుట్టినవారును, పుట్టనివారును గలరు. జీతపు చీటీ కులము నడుగదు గనుక కొలిమి క్రొత్తవారికిని తెరువబడినది. 1995తో బ్రాడ్‌గేజిపై ఆవిరియంత్రముల నిత్యప్రయాణము ముగిసెను. షెడ్డులలో కొలిమిపని సన్నగిల్లెను. కాని చేతులకు పట్టిన విద్య పింఛను కాగితముతో పోవునది కాదు.

పట్టణమునకు వెలుపల మరియొక ఇనుపలోకము కలదు. మైకల్ పర్వతశ్రేణిలో, నాటి విశాలమైన బిలాస్‌పూరు జిల్లాయందును, మండ్లా మున్నగు జిల్లాలయందును అగరియాలను జనులు నివసించుచుండిరి. వారు ఇనుపరాతిని ఏరుకొనివచ్చి, అడవికర్రతో బొగ్గు కాల్చి, మట్టికొలిమిలో రెంటిని పోసి, కాళ్ళతో త్రొక్కు తిత్తులతో గాలి యూది ఇనుము తీసెడివారు. లోహాసురుడు, కోయెలాసురుడు, అగ్యాసురుడు అనువారు వారి దేవతలు: ఇనుమునకు ఒకడు, బొగ్గునకు ఒకడు, అగ్నికి ఒకడు. వెరియర్ ఎల్విన్ 1942లో ప్రకటించిన గ్రంథమున వీరి జీవితమును సవిస్తరముగా వర్ణించెను. కొలిమిపై విధించిన పన్నులును, అంగళ్ళలోనికి వచ్చిన చవుక ఇనుమును వారి వృత్తిని ఎట్లు కృశింపజేసెనో అందు చూపబడినది. 1959లో భిలాయి ఉక్కు కర్మాగారమున మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగింపబడినది. దేశమునకు రైలుపట్టాలు ఆ సీమనుండియే రాసాగెను. అదే సీమలో చేతికొలిమి నానాటికి చల్లారెను.

ఈ విధముగా ఒక్క బిలాస్‌పూరు చుట్టునే ఇనుము కొట్టువారు పలువిధములుగా కానవత్తురు. పుట్టుకచే కొట్టువాడు లోహారు లేక అగరియా. జీతమునకు కొట్టినవాడు షెడ్డులోని కమ్మరి. వీరికి తోడు, పుట్టుకయు జీతమును లేక ఇష్టముచేతనే కొట్టువానిని ఊహింపుడు. అతడు ఉద్యోగము చాలించిన రైల్వే గుమాస్తా కావచ్చును, కళాశాల విద్యార్థి కావచ్చును. ప్రశ్న ఇతనిని గూర్చినదే.

ఫలము కోరకుండుట, ఫలము అక్కరలేకుండుట

వేడుకకమ్మరి పక్షమున చెప్పదగినది ముందుగా చెప్పవలెను. ఇనుము గొప్ప గురువు. సుమారు 700 డిగ్రీల వేడిమియొద్ద అది ముదురెఱుపుగా నుండును. 900 దాటినపుడు నారింజవన్నె పొందును. 1,100 ప్రాంతమున పసుపుపచ్చగును. రెండు ముక్కలు ఒకటిగా అతుకుకొనుటకు 1,300 ప్రాంతపు తెల్లని వేడి కావలెను. ఆ వన్నె నిలుచునది కొన్ని క్షణములు మాత్రమే. ఆ క్షణములలో మనస్సు వేరొకచోట నున్నచో దెబ్బ వ్యర్థము. చల్లారిన పిదప కొట్టినచో పగులు. మాటకారితనము, పలుకుబడి, పూర్వపు ఉద్యోగపు హోదా ఇవేవియు దాగలివద్ద చెల్లవు. పై అధికారిగా నుండినవాడును తప్పుదెబ్బ కొట్టినచో ఇనుము వంకరపోవును. జపమునకు కూర్చున్నపుడు క్షణమైన నిలువని మనస్సు ఎఱ్ఱని ఇనుము ముందు దానంతట అదియే నిలుచుట పలువురి అనుభవము. ఇట్టి ఏకాగ్రత ఎచ్చట లభించినను అది త్రోసివేయదగినది కాదు.

ఇంతమాత్రమున కొందరు మరియొక అడుగు వేసి ఇట్లందురు: ‘వృత్తికమ్మరి డబ్బుకొఱకు కొట్టును, వేడుకకమ్మరి ఏమియు ఆశింపక కొట్టును. కావున రెండవవాని కర్మమే నిష్కామకర్మము.’ ఈ వాదము వినుటకు ఇంపుగా నున్నను, ఇందొక గొప్ప పొరపాటు దాగియున్నది. ఫలమును త్యజించుట వేరు, ఫలము అక్కరలేకుండుట వేరు. కడుపునిండ తిన్నవాడు రెండవసారి విస్తరి ముందు కూర్చుండక పోయినచో దానిని ఉపవాసమని ఎవ్వరును అనరు. నెల మొదట పింఛను చేతికి వచ్చువాడు కత్తికి వెల పుచ్చుకొనకుండుట మంచి గుణమే కావచ్చును. కాని అది వైరాగ్యము కాదు. అతడు విడిచినది అతనికి అవసరము లేని దానిని. విడువవలసిన ఫలము అతనికి వేరొకచోట నున్నది.

అది ఎచ్చట? అతడు చేసిన కత్తిని ఇరుగుపొరుగువారు చేతబట్టి చూచి మెచ్చుకొనునపుడు అతని హృదయమున కలుగు పొంగునందు. తోటి వేడుకకమ్మరి చేసిన వస్తువు తనదానికంటె చక్కగా నున్నదని తెలిసినపుడు కలుగు చిన్న మంటయందు. వృత్తికమ్మరికి రూపాయి ఫలము. ఆ రూపాయి బియ్యముగా మారి సాయంత్రమునకు ఖర్చయిపోవును. వేడుకకమ్మరికి ప్రశంస ఫలము. అది ఖర్చు కాదు, లోపల పేరుకొనును. రెంటిలో ఏది సూక్ష్మమో, ఏది విడుచుటకు కష్టమో సాధకులకు తెలియును.

మరల వృత్తికమ్మరి కర్మము వేతనముచే అపవిత్రమగునను తలంపును నిలువదు. మహాభారతమున అరణ్యపర్వమందలి ధర్మవ్యాధుని కథ ఇందులకు ప్రమాణము. తపస్సుచే గర్వించిన కౌశికుడను బ్రాహ్మణుడు ఒక గృహిణిచే పంపబడి మిథిలకు పోయి, అంగడిలో మాంసము విక్రయించు వ్యాధునివద్ద ధర్మము నేర్చుకొనెను. ఆ వ్యాధుడు తన వస్తువును ఉచితముగా పంచిపెట్టలేదు, వెలకే అమ్మెను. తనకు సంక్రమించిన పనిని సత్యముతో చేయుచు, తల్లిదండ్రులను సేవించుచు నుండెను. బంధము వెలలో లేదు, వెలపైని మమకారమున నున్నదని ఆ కథ తెలుపుచున్నది. కావున బజారున కూర్చుండి కొడవలికి వెల చెప్పు లోహారు, ఉచితముగా కత్తి నిచ్చు వేడుకకమ్మరికంటె ఉన్నతమైన కర్మయోగి కావచ్చును. కాకపోవచ్చును కూడ. దానిని నిర్ణయించునది లోపలి స్థితియే గాని చేతిలోని డబ్బు కాదు.

సూదుల వీధి

కమ్మరివీధిలో సూదులు అమ్మినట్లని తెలుగున సామెత కలదు. తెలివితక్కువ వర్తకుని పరిహసించుటకు దానిని వాడుదురు. కాని ఆ సామెతను తిరుగవేసి చూడవలసిన సందర్భము నేడు వచ్చినది. సూదులు అమ్ముకొను వీధిలో ఒకడు సూదులు ఉచితముగా పంచిపెట్టినచో ఆ వీధి గతి ఏమి?

ఒక ఉదాహరణము తీసికొందురు గాక. రైల్వేకాలనీలో ఉద్యోగము చాలించిన ఒక సజ్జనుడు కొలిమి పెట్టుకొనెననుకొనుడు. అతడు కత్తిపీటలు, కొడవళ్ళు, తోటపని గునపములు చేసి కాలనీవారికి ఊరకే ఇచ్చుచున్నాడు. అందరును అతని దాతృత్వమును కొనియాడుచున్నారు. బుధవారీ బజారులోనో, శనిచరీ బజారులోనో గోనెపట్ట పరచుకొని కూర్చుండు లోహారు ఆ సంవత్సరము నాలుగు కత్తిపీటలు తక్కువ అమ్మెను. అతడెవ్వరిపైనను ఫిర్యాదు చేయలేదు. తన నష్టమునకు కారణమేమో అతనికి తెలియనే తెలియదు. దాత చేయి ఎత్తిన చోటునకును, దెబ్బ తగిలిన చోటునకును మధ్య దూరముండుటచే దాతకును తెలియదు. ఇట్టి తెలియని హింసను గూర్చి ధర్మజిజ్ఞాసువు తప్పక ఆలోచింపవలెను.

ఉచితముగా నిచ్చుటకు బదులు స్వల్పమైన వెలకు అమ్మినచో స్థితి ఇంకను కఠినమగును. వృత్తికమ్మరి బొగ్గుఖరీదును, ఇనుపఖరీదును, తన పగటికాలపు ఖరీదును లెక్కించి వెల చెప్పును. వేడుకకమ్మరి మొదటి రెంటిని మాత్రమే లెక్కించి, కాలమును లెక్కింపడు. అది తనకు ఆనందమే గదా యనును. తన గంటలకు వెల కట్టనివాడు ఎదుటివాని గంటల వెలను తగ్గించుచున్నాడు. ‘నాకు వచ్చినది చాలు’ అను మాట సంతోషగుణముగా కనుపించినను, బజారున అది మరియొకని అన్నముపై పడు తూనికరాయి యగుచున్నది.

అట్లయిన వేడుకకమ్మరము పాపమని త్యజింపవలెనా? అట్లు నిర్ణయించుటయు తొందరపాటే. యంత్రపు కర్మాగారములనుండి వచ్చు సరుకు లోహారును పడగొట్టినంతగా పెరటికొలిమి పడగొట్టదు. కాని పెద్ద అన్యాయమును చూపి చిన్న అన్యాయమును కప్పుకొనుట ధర్మము కాదు. చేయవలసినది వివేకము. కొనగల శక్తి లేనివానికి ఊరకే యిచ్చుట దానము. కొనగలవానికి ఊరకే యిచ్చుట పెక్కుసారులు తన మెప్పును కొనుక్కొనుట. బజారున దొరకు వస్తువునకై వచ్చినవానిని లోహారువద్దకు పంపుట, బజారున దొరకని వస్తువును తాను చేయుట, అమ్మవలసివచ్చినచో వృత్తివాని వెలకు తగ్గకుండ అమ్మి, లాభమును సత్కార్యమునకు వినియోగించుట అట్టి వివేకమునకు మార్గములు.

ఇనుము ఎక్కడిది?

రైల్వేపట్టణమున మరియొక ప్రశ్న తప్పదు. ప్రపంచమంతట వేడుకకమ్మరులు తమ మొదటి దాగలిగా రైలుపట్టా ముక్కను వాడుకొనుట పరిపాటి. పట్టాను బిగించు మేకులతో కత్తులు చేయుట అమెరికాలో పెద్ద వేడుక. బండ్ల స్ప్రింగుపట్టె కత్తికి శ్రేష్ఠమైన ఉక్కు. బిలాస్‌పూరు వంటి ఊరిలో ఇట్టి ఇనుము కనుచూపుమేర పడియుండును. తుప్పుపట్టిన ముక్కను తెచ్చుకొన్నచో ఎవరికి నష్టమని అనిపించుట సహజము. కాని రైల్వే ఆస్తిని అక్రమముగా కలిగియుండుటను శిక్షార్హముగా చేయు చట్టము 1966లో చేయబడి అమలులో నున్నది. చట్టభయమున కాక ధర్మదృష్టితో చూచినను ఆ ముక్క ప్రజలందరిది. వేలములో కొన్న తునకకును, దారిప్రక్క ఎత్తుకొన్న తునకకును తూనికలో భేదము లేదు. కర్తయొక్క మనస్సున భేదము కలదు. పూజాద్రవ్యమునకు శుద్ధి విధించిన సంప్రదాయము పనిద్రవ్యమునకు శుద్ధి అక్కరలేదని చెప్పజాలదు. అవసరముచేత అపహరించినవానికైన కొంత క్షమ కలదు. వేడుకకొఱకు అపహరించినవానికి చెప్పుకొనదగిన సాకు ఏదియు లేదు.

ఋషిఋణము

వేడుకపనికి నిజమైన గౌరవము తెచ్చునది మరియొకటి కలదు. దానిని తెలిసికొనుటకు తెలుగుదేశపు చరిత్రలోనే ఒక దృష్టాంతము దొరకును. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమను గ్రామమున మూసిన మట్టిమూసలలో ఇనుమును కాచి, మెల్లగా చల్లార్చి, ఉత్తమమైన ఉక్కు చేసెడివారు. పారసీక వర్తకులు అంతదూరమునుండి వచ్చి ఆ ఉక్కును కొనిపోయెడివారు. వైద్యుడును, భూగర్భశాస్త్రజ్ఞుడును నైన హెన్రీ వాయ్సే ఆ పనిని కనులార చూచి వ్రాసిన వృత్తాంతము 1832లో ప్రకటితమైనది. ఐరోపావారు దానికి పెట్టిన ‘వూట్జ్’ అను పేరు ‘ఉక్కు’ అను దక్షిణదేశపు మాటనుండియే పుట్టినదని పండితుల అభిప్రాయము. మైకేల్ ఫారడే అంతటి శాస్త్రజ్ఞుడు 1819 మొదలుకొని కొన్ని సంవత్సరములు ఆ ఉక్కు రహస్యమునకై ప్రయోగములు చేసెను. కాని ఆ విద్య నిలువలేదు. కొనువారు తగ్గిరి, చవుక ఉక్కు వచ్చెను, కూడు పెట్టని విద్యను తండ్రి కొడుకునకు నేర్పుట మానెను. వ్రాతలో లేని విద్య ఒక్క తరము మౌనముతో నశించును.

ఇరువదవ శతాబ్ది చివరిభాగమున అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున గుఱ్ఱములకు లాడములు వేయుట జీవనముగా గల ఆల్‌ఫ్రెడ్ పెండ్రే అను కమ్మరి ఆ ప్రాచీనపు ఉక్కును మరల చేయవలెనని పట్టుపట్టెను. అయొవా స్టేట్ విశ్వవిద్యాలయపు లోహశాస్త్రాచార్యుడు జాన్ వెర్హోవెన్ అతనికి తోడ్పడెను. పెక్కు ప్రయత్నముల పిదప ఆ కత్తులమీది అలల వంటి చారలకు వెనేడియము మున్నగు లోహములు అత్యల్పముగా కలిసియుండుటయే ముఖ్యకారణమని వారు కనుగొని 1998లో ప్రకటించిరి. లాడములు వేయుటకు ఈ విద్యతో అక్కర లేదు. బ్రతుకుతెరువునకు వెలుపలి జిజ్ఞాసయే పోయిన విద్యను మరల వెలిగించినది. అంగడి విడిచివేసిన విద్యను కాపాడుట వేడుకపనికి గల గొప్ప ధర్మము. ఆకలితో నున్నవాడు అమ్ముడుపోని విద్యను మోయలేడు; ఆకలి తీరినవాడు మోయగలడు, మోయవలెను.

అయితే ఇక్కడనే ఒక ఋణము ఏర్పడుచున్నది. దేవఋణము, పితృఋణము, ఋషిఋణము అని మానవునకు మూడు ఋణములు చెప్పబడినవి. అధ్యయన అధ్యాపనములచే ఋషిఋణము తీరును. వేదమును కనుగొన్నవారు ఋషులైనచో, నల్లరాతిలో ఇనుమున్నదని మొదట కనుగొని, ఏ వన్నెలో ఏ దెబ్బ కొట్టవలెనో తరతరములకు నేర్పిన పేరులేని కమ్మరులు ఆ విద్యకు ఋషులు కారా? వేడుకకమ్మరి పట్టుకొన్న ప్రతి పట్టకారు ఆకారమును వారు ప్రసాదించినదే. గ్రంథము చదివి నేర్చుకొన్నను, ఆ గ్రంథము ఏదో ఒక వృత్తికమ్మరి మోకాలివద్ద కూర్చుండి వ్రాయబడినదే.

ఇందులో బాధాకరమైన విషయము దాచదగినది కాదు. పట్టణమున చదువుకొన్నవాడు కొలిమి వెలిగించినచో దానిని కళ యందురు. పత్రికలలో అతని చిత్రము పడును. అర్పానది కావలి పల్లెలో లోహారు అదే కొలిమి వెలిగించినచో దానిని కులవృత్తి యందురు. అతని కొడుకు బడిలో ఆ మాట వినలేక తలవంచుకొనును. ఒకని చేతి మసి నేర్పునకు గుర్తు, మరియొకని చేతి మసి పుట్టుకకు గుర్తు. ఇనుమునకు ఈ భేదము తెలియదు, అగ్నికి తెలియదు, సమాజమునకే తెలియును. వేడుకకమ్మరి ఈ భేదమును చూచియు మౌనముగా ప్రశంస నందుకొన్నచో అతడు ఋణమెగవేయువాడు. ‘ఈ విద్య నాది కాదు, ఫలానా వీధిలోని ఫలానా పెద్దవానిది, నేను అతని శిష్యుడను’ అని నలుగురిలో చెప్పగలిగినపుడు అతని పని పవిత్రమగును. అట్టి ఒక్క మాట లోహారు కొడుకు తలను ఎత్తగలదు.

కూడి కొట్టుట

వేడుకకమ్మరుల సంఘములనుండి నేర్చుకొనదగిన మంచి యొకటి కలదు. వారు కూడినపుడు ఒకడు దాగలివద్ద నిలిచి పని చేయుచుండగా తక్కినవారు చుట్టును చేరి చూతురు. ఎవడేమి కనుగొన్నను అందరికి చెప్పును. విద్యను ఇంటిలోపల దాచిపెట్టు పూర్వపు అలవాటునకు ఇది విరుగుడు. కాని దాచిపెట్టినవానిని నిందించుటకు ముందు ఒకటి గ్రహింపవలెను. ఆ రహస్యమే అతని పొలము, అతని ధాన్యపు కొట్టు. ఆకలిగలవాడు రహస్యమును దాచుట లోభము కాదు. ఆకలి లేనివాడు దాచినచో అది లోభమే. కావున తెరచిచెప్పుట మొదట వేడుకకమ్మరి ధర్మము. వృత్తికమ్మరివద్ద నేర్చుకొన్నప్పుడు తగిన దక్షిణ నిచ్చి నేర్చుకొనుటయు అతని ధర్మమే.

బిలాస్‌పూరు వంటి ఊళ్ళలో కన్యాసంక్రమణమునాడు రైల్వే కార్ఖానాలలో విశ్వకర్మపూజ జరుగును. తెలుగు ఇండ్లలో మహానవమికి ఆయుధపూజ జరుగును. రెండు దినములందును సుత్తికి, దాగలికి కుంకుమ పెట్టి నమస్కరింతురు. పనిముట్టునకు నమస్కరించు సంప్రదాయము పనివానికి నమస్కరించుటను మరచినచో పూజ సగమే జరిగినట్లు. ఆ దినమున వేడుకకమ్మరి తన కొలిమిని అలంకరించుకొనుటకు ముందు ఊరి వృత్తికమ్మరి కొలిమికి పోయి ఒక కొబ్బరికాయ సమర్పించుట తగినపని.

ఉక్కును పదునుచేయు విధానమున ఒక సంగతి కలదు. ఎఱ్ఱగా కాల్చి నీటిలో ముంచిన ఉక్కు మిక్కిలి గట్టిపడును. కాని గాజువలె పెళుసై, మొదటి దెబ్బకే విరుగును. దానిని మరల రెండువందలనుండి మూడువందల డిగ్రీల మధ్య మెల్లగా కాచినపుడు పైన ఎండుగడ్డివన్నె, పిదప ఊదావన్నె, పిదప నీలివన్నె తోచును. తగిన వన్నెయొద్ద ఆపినచో కాఠిన్యము కొంచెము తగ్గి, సహనము కలుగును, కత్తి కత్తియగును. ‘నాకేమియు అక్కరలేదు’ అను వేడుకకమ్మరి భావము మొదటి కాఠిన్యము వంటిది. ‘నా పనివలన ఎవనికేమి జరుగుచున్నది?’ అను విచారము రెండవ వేడి వంటిది. మొదటిది లేనిదే పదును రాదు. రెండవది లేనిదే ఆ పదును ఎవరికిని ఉపకరింపదు.

కావున కష్టమైన పనిని ఇష్టముతో చేపట్టినవాడు మూడు విషయములు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను: ద్రవ్యము న్యాయముగా లభించినదా? విద్య నిచ్చినవానికి ఋణము చెల్లించుచున్నానా? చేసినదానిని ఇచ్చుటచే ఎవని అన్నమైన తగ్గుచున్నదా? ఈ ప్రశ్నలకు నిర్మలముగా సమాధానము చెప్పుకొనగలవానికి వేడుక బంధము కాదు. అతడు బజారున లోహారు చెప్పిన వెలకు బేరమాడక కొడవలి కొనును. దాని అంచును వ్రేలితో తడవి చూచి, ‘అయ్యా, ఈ పదును ఎట్లు పెట్టితివి?’ అని అడుగును. చెప్పునంతవరకు ఆ గోనెపట్ట ప్రక్క నేలమీద కూర్చుండును.